షాంపేన్ రైతు దగ్గర చూడాల్సింది ట్రాక్టరు కాదు

ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటలు చూసొచ్చాం అనగానే ఊళ్ళో ప్రతివాడూ అడిగేది ఒకటే. "ఏం మావా, బాగా పట్టించారా?" తాగాం. నలుగురం వెళ్ళాం, ముగ్గురం తాగాం, నాలుగోవాడు ద్రాక్షరసంతో సరిపెట్టుకున్నాడు. పుల్లగా ఉంటది, నాలిక మీద చురచురలాడతది, మన నోటికి అంత తొందరగా ఎక్కదు. ఆ ముచ్చట అంతటితో అయిపోయింది.

రెండో ప్రశ్న మాత్రం నాకు మంట పుట్టిస్తంది. "అక్కడ యంత్రాలు ఎట్టా ఉన్నాయి?" ఈ ప్రశ్న మనోళ్ళకి ఎవరు నేర్పారో నాకు తెలుసు. ఎవరో ఒకరు విదేశాలు తిరిగొస్తారు, వచ్చి మనల్ని షామియానా కింద కూర్చోబెట్టి స్లైడ్లు వేస్తారు. డ్రోను, డ్రిప్పు, పెద్ద పెద్ద ట్రాక్టర్లు. చివర్లో "రైతు మారాలి" అంటారు. మనం చప్పట్లు కొట్టి, భోజనం ప్యాకెట్ తీసుకుని ఇంటికొస్తాం. ఇట్టాంటి మీటింగులు నేను పదికి తక్కువ కాకుండా చూశా. ఒక్కదాంట్లో కూడా అసలు సంగతి చెప్పలేదు. అందుకే ఇంత పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

ముందు యంత్రాల సంగతి తేల్చేద్దాం. షాంపేన్ ప్రాంతంలో ద్రాక్ష కోతకు యంత్రం పెట్టడం నిషేధం. అవును, నిషేధమే. గెల గెలా చేత్తోనే కొయ్యాలి. కోతల్లో లక్షమందికి పైగా కూలీలు దిగుతారు. మందు కొట్టడానికి, దున్నడానికి వరస మీదుగా కాళ్ళు చాపి నడిచే ఎత్తు ట్రాక్టర్లు ఉన్నాయి, చూడ్డానికి సరదాగా ఉంటాయి, ఫొటోలు కూడా దిగాం. అంతకుమించి అక్కడి సేద్యంలో మనం నోరెళ్ళబెట్టేదేం లేదు. ఆ మాటకొస్తే, 1990ల దాకా ప్యారిస్ నగరం చెత్తని తెచ్చి ఆ తోటల్లో ఎరువుగా చల్లారు. ఇప్పటికీ వరసల మధ్య మట్టిలో చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు కనపడతాయి. తోటకి కోట్లు, మట్టిలో ప్లాస్టిక్. కాబట్టి వాళ్ళు దేవుళ్ళు, మనం మొద్దులం అనుకోవడం ముందు మానండి.

మేం వెళ్ళింది జూన్‌లో, సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టేసి చేతులు ఖాళీగా ఉన్నప్పుడు. మా వాళ్ళలో ఒకరి అబ్బాయి ప్యారిస్‌లో ఉద్యోగం చేస్తన్నాడు, రమ్మని రెండేళ్ళుగా పోరుతున్నాడు. ప్యారిస్ నుంచి రీమ్స్ అనే ఊరికి రైల్లో ముప్పావుగంట. అక్కణ్ణుంచి కారు మాట్లాడుకుని మూడు రోజులు తిరిగాం. ఎపెర్నేలో షాంపేన్ వీధి అని ఒకటుంది, రెండు పక్కలా పెద్ద పెద్ద కంపెనీల మేడలు, కింద సున్నపురాయిలో తొలిచిన నేలమాళిగలు, వాటిలో లక్షల సీసాలు. పర్యాటకులంతా అక్కడే ఆగిపోతారు. మేం మాత్రం పల్లెల్లోకి వెళ్ళాం. ఒక రైతు ఇంటి వసారాలో రెండున్నర గంటలు కూర్చున్నాం, అబ్బాయి తర్జుమా చేశాడు. ఆయనకి ఎంత పొలం ఉందో తెలుసా? ఐదెకరాలు. షాంపేన్‌లో సగటు కమతం ఇంచుమించు అంతే.

ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. షాంపేన్ అంటే మనకి గుర్తొచ్చేది పెద్ద కంపెనీ, బంగారు కాగితం చుట్టిన సీసా. ఆ ప్రాంతం మొత్తం కలిపి సుమారు 34 వేల హెక్టార్లు, అంటే 84 వేల ఎకరాలు. అందులో దాదాపు 90 శాతం సాగుచేసేది కంపెనీలు కాదు, 16 వేల మంది చిన్న రైతులు. అమ్మకాల్లో ఎక్కువ భాగం మాత్రం కంపెనీలవి. భూమి రైతుది, సీసా కంపెనీది. మన మిర్చి లాగానే, కదా?

మరి తేడా ఎక్కడ? ఆయన కిలో ద్రాక్ష 6 యూరోలకు పైనే అమ్ముతున్నాడు. మన డబ్బుల్లో ఆరువందల పైమాట. కిలో పచ్చి ద్రాక్షకి! ఒక సీసా నింపడానికి కిలో పావు లోపు ద్రాక్ష సరిపోతుంది. పొలం ధర హెక్టారు పది లక్షల యూరోలు దాటింది, అంటే ఎకరం నాలుగు కోట్లు. మన దగ్గర కూడా హైవే పక్కన ఎకరం నాలుగు కోట్లు పలికే ఊళ్ళున్నాయి. మన దగ్గర ఆ ధర పంట ఆగిపోతేనే వస్తుంది, ప్లాట్లు వేస్తారు కాబట్టి. అక్కడ పంట పండుతుంది కాబట్టి వస్తుంది.

ఈ ధర ఊరికే రాలేదు. స్లైడ్లు వేసేవాళ్ళు మింగేసే సంగతి ఇదే.

1900 ప్రాంతంలో షాంపేన్ రైతు బతుకు మనకన్నా హీనం. అమెరికా నుంచి ఫిలోక్సెరా అనే పురుగొచ్చి వేళ్ళు తినేసింది. మనకి 2021లో నల్ల తామరపురుగు వచ్చి పూత మీద పడి చేలకి చేలు తుడిచిపెట్టింది చూడండి, అట్టాంటిదే. అమెరికా వేరు మీద అంటుకట్టి కొత్తగా తోటలు వేసుకోవాల్సి వచ్చింది, అప్పుల మీద అప్పులు. పైగా వరస కరువు పంటలు. 1910లో వడగళ్ళు, తెగుళ్ళు కలిసి దాదాపు ఏమీ మిగల్చలేదు. పంట లేకపోతే ధర పెరగాలి కదా? పెరగలేదు. ఎందుకంటే కొన్ని కంపెనీలు లువార్ లోయ నుంచి, దక్షిణ ఫ్రాన్స్ నుంచి చవక సరుకు రైలు పెట్టెల్లో దించుకుని, దాన్నే సీసాల్లో పోసి షాంపేన్ అని అమ్ముకున్నాయి. మధ్యలో దళారులు. నీ ద్రాక్ష అక్కర్లేదు పో, అన్నారు.

1911 జనవరిలో రైతులు తిరగబడ్డారు. దామెరీ అనే ఊళ్ళో బయటి సరుకు పట్టుకుని పీపాలకి పీపాలు మార్న్ నదిలో దొర్లించారు. ఏప్రిల్‌లో ఆయి అనే ఊళ్ళో కంపెనీల గిడ్డంగులు, మేడలు తగలబడ్డాయి. ప్రభుత్వం వేలమంది సైనికుల్ని దించింది. నేను మిమ్మల్ని అగ్గిపెట్టె పట్టుకోమని చెప్పట్లేదు, అట్టా వక్రీకరించి కింద రాసేవాళ్ళు రాయొద్దు. నేను చెప్పేది వాళ్ళేం అడిగారో చూడమని. సబ్సిడీ అడగలేదు. రుణమాఫీ అడగలేదు. "మా ఊరి పేరు మా పంటకే ఉండాలి" అన్నారు. ఆ ఒక్కటే పట్టుకున్నారు.

అప్పుడు కూడా రైతుల మధ్య గొడవ వచ్చింది. 1908లో ప్రభుత్వం షాంపేన్ సరిహద్దు గీస్తే ఓబ్ అనే జిల్లాని బయట పెట్టింది. ఓబ్ రైతులు ఎర్రజెండాలు పట్టుకుని రోడ్డెక్కారు. వాళ్ళ కోసం సరిహద్దు ఎత్తేస్తామని సెనేట్ అనేసరికి మార్న్ రైతులు భగ్గుమన్నారు, ఆయి తగలబడింది ఆ కోపంలోనే. రైతుకి రైతే అడ్డం. ఇది మనకి చెప్పక్కర్లేదు. గుంటూరు మిర్చి అంటే ఎక్కడిదాకా? పల్నాడు కలుస్తుందా, ప్రకాశం కలుస్తుందా, ఖమ్మం వాళ్ళనేం చెయ్యాలి? ఈ మాట ఎత్తితే మనలో మనకే తగువు. వాళ్ళు ఆ తగువు పడి, 1927 చట్టంతో ఓబ్‌ని కలుపుకుని, ఏ ఊళ్ళు లోపల, ఏ రకాలు వెయ్యాలి అన్నీ రాసుకున్నారు. 1936లో పేరుకు పూర్తి చట్టరక్షణ వచ్చింది. 1941లో రైతులూ కంపెనీలూ కలిసి కూర్చునే కమిటీ వచ్చింది. దానికి ఇద్దరు అధ్యక్షులు. ఒకరు రైతుల తరఫున, ఒకరు కంపెనీల తరఫున. ఒకడు ఒప్పుకోకపోతే పని ముందుకి సాగదు.

2020లో ఈ కమిటీ ఎట్టా పనిచేసిందో ఆ రైతు చెప్పాడు. కరోనాతో అమ్మకాలు పడిపోయాయి. హెక్టారుకి ఎన్ని కిలోలు కొయ్యాలో ప్రతి ఏడూ కోతలకి ముందే కమిటీ తేలుస్తుంది. కంపెనీలు ఆ ఏడు బాగా తగ్గించమన్నాయి. అంత తక్కువైతే మేం బతకం అని రైతులు మొండికేశారు. జూలైలో తేలాల్సింది ఆగస్టుకి పోయింది. ఆఖరికి 8,000 కిలోల దగ్గర తెగింది. మన యార్డులో కొనేవాడితో ఒక రైతు ప్రతినిధి ఎదురుగా కూర్చుని నెలరోజులు బేరం లాగిన రోజు ఒక్కటి చెప్పండి. మన బేరం ఎంతసేపు? కమిషన్ ఏజెంటు టిక్కీ కోసి గుప్పెడు కాయ తీస్తాడు, వచ్చినవాడు నలిపి చూస్తాడు, తాలు ఎక్కువుందంటాడు, రేటు చెప్తాడు. ఐదు నిమిషాలు. కూలీ డబ్బులు కట్టాలి కాబట్టి తలూపుతాం.

ఇప్పుడు కిలో ధరని కమిటీ నేరుగా నిర్ణయించదు, ఆ పద్ధతి 1990తో పోయింది. రైతుకీ కంపెనీకీ కొన్నేళ్ళ ఒప్పందం ఉంటుంది. కానీ మార్కెట్టుకి ఎంత సరుకు రావాలన్నది ఇద్దరూ కలిసి కట్టేస్తారు కాబట్టి ధర నేలకి పడదు. మంచి ఏడు ఎక్కువ పండితే కొంత వైన్‌ని నిల్వగా పక్కన పెడతారు, చెడ్డ ఏడు తీస్తారు. 2024లో అమ్మకాలు 27 కోట్ల సీసాలకి తగ్గాయి, అంతకుముందు ఏడు 30 కోట్లకి దగ్గరగా ఉండేవి. 2025కి హెక్టారు పరిమితి 9,000 కిలోలకి దించారు. ఎకరానికి 36 క్వింటాళ్ళు. తోట అంతకన్నా ఎక్కువ కాసినా సరే, హద్దు దాటింది షాంపేన్‌గా అమ్మడానికి లేదు.

ఇక్కడే మనల్ని మనం అడుక్కోవాలి. మనలో ఎవడన్నా ఒప్పుకుంటాడా? "ఎకరానికి ఇంతే అమ్ముతా" అంటే పక్కవాడు నవ్వి, ఆ ఏడు ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకుని మిర్చే వేస్తాడు. 2023లో క్వింటా 20 వేలు దాటింది చూసి పత్తి వేసేవాళ్ళు కూడా మిర్చిలోకి దూకారు. 2025 మొదట్లో ఏమైందో మీకు తెలుసు. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటా 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది. కోత కూలి ఎంత, మందుల బిల్లు ఎంత, కౌలు ఎంత, మీరే లెక్కేసుకోండి. ప్రభుత్వాన్ని తిట్టాలి, తిడదాం, నేనే ముందుంటా. కానీ మన చేతిలో ఉన్న కళ్ళెం మనం ఎప్పుడూ పట్టుకోలేదన్నది కూడా నిజం.

ఇక పేరు సంగతి. ఆ పేరుని వాళ్ళెట్టా కాస్తారో వింటే నవ్వొస్తది, కానీ నవ్వే సంగతి కాదు. 1993లో ఒక పెద్ద ఫ్యాషన్ కంపెనీ అత్తరు సీసాకి షాంపేన్ అని పేరు పెడితే కోర్టుకి లాగి ఆ పేరు తీయించారు. 2023లో అమెరికా బీరు డబ్బాల మీద "బీర్లలో షాంపేన్" అని రాసుందని బెల్జియంలో 2,352 డబ్బాలు పట్టుకుని నుజ్జు చేయించారు. అన్నిటికన్నా వింత, స్విట్జర్లాండ్‌లో షాంపేన్ అనే పేరుతో నిజంగానే ఒక ఊరుంది. వందల ఏళ్ళ నాటి ఊరు, వాళ్ళూ ద్రాక్ష పండిస్తారు, వైన్ చేస్తారు. తమ ఊరి పేరు తమ సీసా మీద వేసుకునే హక్కు 2004తో పోయింది. నాకు ఆ ఊరోళ్ళ మీద జాలేసింది, అన్యాయమే అనిపించింది. కానీ పేరు మీద పట్టు అంటే ఎట్టా ఉంటుందో అర్థమైంది.

మనకి లేదా పేరు? గుంటూరు సన్నం మిర్చికి 2010లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. పదిహేనేళ్ళు దాటింది. పండించేవాడు అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకుంటేనే ఆ గుర్తు వాడుకునే హక్కు చట్టప్రకారం వస్తుంది. ఈ పోస్టు చదివేవాళ్ళలో ఆ నమోదు ఉన్నవాళ్ళు ఎంతమంది? మా మండలంలో నేను అడిగినవాళ్ళలో ఒక్కరు లేరు. చాలామంది అదేందని నన్నే ఎదురడిగారు. గుర్తింపు వచ్చినరోజు పేపర్లో వార్త వచ్చింది, తర్వాత ఆ కాగితం ఎవరి బీరువాలో ఉందో తెలీదు.

ఇంకో చేదు మాట. మన చేలల్లో సన్నం ఎక్కడుంది? తేజా, 341, ఆర్మూరు, కంపెనీ హైబ్రిడ్లు. నా పొలంలోనూ తేజానే. దిగుబడి కోసం, ఎగుమతి రేటు కోసం వేస్తన్నాం, అందులో తప్పులేదు. కానీ పేరేమో సన్నానికి, పంటేమో ఇంకోదానికి. కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి లారీల్లో సరుకు మన యార్డుకే వస్తుంది, ఇక్కణ్ణుంచి పోయేటప్పుడు అంతా గుంటూరు మిర్చే. ఆ రైతులు పరాయివాళ్ళేం కాదు, వాళ్ళ కష్టమూ కష్టమే. కానీ వాళ్ళ సరుకు వాళ్ళ ఊరి పేరుతో పోతే వాళ్ళకీ మేలు, మనకీ మేలు. వరంగల్ చపాటా రైతులు 2025లో తమ పేరు తాము తెచ్చుకోలేదా? ఇప్పుడున్న కలగాపులగంలో లాభం ఎవరికి? రైలు పెట్టెల్లో లువార్ సరుకు దించుకున్నవాడికి అప్పుడు, ఇప్పుడూ అట్టాంటివాడికే.

మీరు అనబోయేది నాకు వినపడతంది. "అది ఫ్రాన్స్ మావా, అది డబ్బున్నోళ్ళు తాగే సరుకు, మనది కూరలో కారం." నిజమే. నేను కిలో కారానికి ఆరువందలు అడగట్లేదు. మిర్చి ఎప్పటికీ షాంపేన్ కాదు, కావక్కర్లేదు కూడా. కానీ వాళ్ళకి ఆ డబ్బు ముందొచ్చి తర్వాత పేరు రాలేదు. ఇల్లు గడవని రోజుల్లోనే పేరు కోసం పట్టుబట్టారు. "మనోళ్ళు ఏకం కారు" అనేది రెండో మాట. ఓబ్ వాళ్ళూ మార్న్ వాళ్ళూ ఏకం కావడానికి చట్టాల మీద చట్టాలు, పందొమ్మిదేళ్ళు పట్టింది. మనం పందొమ్మిది రోజులు కూడా ప్రయత్నించలేదు.

అక్కడంతా న్యాయమే అని మాత్రం నమ్మకండి. 2023 కోతల్లో ఆ ఎండలకి కోత పనివాళ్ళు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే ఏడు పేద దేశాల నుంచి తెచ్చిన కూలీల్ని పాడుబడ్డ ఇళ్ళలో కుక్కి, సరిగ్గా తిండి కూడా పెట్టకుండా పనిచేయించారని కేసు నడిచి, 2025లో మనుషుల అక్రమ రవాణా కింద శిక్షలు పడ్డాయి. కిలో ఆరువందలు అమ్మే చోట కోసినవాడికి పడుకునే చోటు లేదు. ఈ మాట ఎత్తితే ఆ రైతు తలొంచుకున్నాడు, అది మా ఊరి దళారి పని కాదు అన్నాడు గానీ గట్టిగా అనలేదు. మన కోతలకి కర్నూలు నుంచి వచ్చే కూలీలు కల్లాల పక్కన టార్పాలిన్ కింద పిల్లల్తో పడుకుంటారు. వాళ్ళ దగ్గర నేర్చుకోకూడనిది ఇది, మన దగ్గర ఆల్రెడీ ఉంది. పేరు నిలబడి ధర పెరిగితే దాంట్లో కోసేవాళ్ళకి వాటా లేకపోతే ఆ పేరు నాకొద్దు.

ఆ రైతు ఇంట్లో నన్ను ఆపేసింది ఒకటుంది. ఆయన ద్రాక్ష పిండేది సొంతంగా కాదు, ఊరి సహకార సంఘం మిల్లులో. అట్టాంటి సంఘాలు ఆ ప్రాంతంలో నూటికి పైగా ఉన్నాయి. 4,000 కిలోలు మిల్లులో వేస్తే 2,550 లీటర్ల రసమే తియ్యాలి, ఆపైన పిండింది షాంపేన్‌కి పనికిరాదు. పిండితే ఇంకా వస్తది కదా అన్నాడు మావాడు. వస్తది, కానీ పిండం, అన్నాడాయన. తూకం ఎవరు చూస్తారని అడిగితే, ప్రతి లోడూ పుస్తకంలో ఎక్కుతుందనీ, ఆ పుస్తకం ఎవడైనా చూడొచ్చనీ చెప్పాడు. మన సంఘాల పుస్తకాలు గుర్తొచ్చి మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇప్పుడు పనిలోకొద్దాం. మా ఊళ్ళో ఏడుగురం ఈ ఖరీఫ్‌కి తలా ఒక ఎకరం సన్నం వేస్తన్నాం, 334. తేజా మానట్లేదు, పక్కన ఒక్క ఎకరం. విత్తనం ఎక్కడిది, ఏ మందు ఎప్పుడు కొట్టాం, ఎన్ని టిక్కీలు వచ్చాయి అన్నీ ఒకే పుస్తకంలో రాస్తాం, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. కల్లం మీద వేరే కాయ కలపం. అధీకృత వినియోగదారు నమోదు దరఖాస్తు ఏడుగురం వేస్తన్నాం. ఏం కాగితాలు అడుగుతారో, ఎన్నిరోజులు తిప్పుతారో అన్నీ ఇక్కడే రాస్తా. కలిసి వెయ్యాలనుకునేవాళ్ళు మీ ఊరు పేరు, ఎన్ని సెంట్లు వేస్తారో కింద రాయండి. నారుమళ్ళు పోసేలోపు ఒక ఆదివారం కూర్చుందాం. భోజనం ప్యాకెట్లు మాత్రం ఉండవు, ఎవరి క్యారేజీ వాళ్ళే తెచ్చుకోవాలి.